కొలాబ్ గట్టున బళ్ల జాతర

గురువారం

బండినే ఇల్లుగా కట్టించుకున్నవాళ్లంతా కోరాపుట్ దగ్గర కొలాబ్ జలాశయం గట్టున కలుస్తున్నారంటే మేమూ బయలుదేరాం. సాలూరు దాటేసరికి పొద్దున్న పది. నీళ్ల ట్యాంకు ఖాళీగానే ఉంచాం. 150 లీటర్ల ట్యాంకు అది, నింపితే 150 కిలోలు. సుంకి ఘాట్ మీదకి ఆ బరువు మోసుకెళ్లడం దేనికి, పైన కొండల్లో నీళ్లకేం కరువు లేదు. డీజిల్ కూడా ఘాట్ ఎక్కే మటుకే కొట్టించాను, ఒడిశాలో మనకన్నా చవక. ఈ లెక్కలు మావిడకి నచ్చవు. తన కాళ్ల దగ్గర 20 లీటర్ల క్యాను ఒకటి పెట్టుకునే బయలుదేరింది.

బండి గురించి ఒక ముక్క చెప్పాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోర్స్ ట్రావెలర్. సీట్లు పీకించి మంచం, అల్మరాలు, సింకు, వెనక మూల చిన్న బాత్రూము పెట్టించాం. ఆ పనంతా సాలూరులోనే, లారీ బాడీలు కట్టే షెడ్డులో జరిగింది. వేగావతి ఒడ్డునున్న ఈ ఊరికి లారీలే బతుకు. రాయపూర్ లైను మీద తిరిగే బళ్లకి కావలసిన సామాను, పనివాళ్లు అంతా ఇక్కడే దొరుకుతారు. కొలతలు తీసుకుంటూ షెడ్డు మేస్త్రి "లోడు ఏటండి బాబూ?" అని అడిగాడు. "మేమే" అంది మావిడ. ఆయన దానికి తగ్గట్టే కట్టాడు. అల్మరా తలుపులకి లారీ డోరు గొళ్లాలు, మంచం కింద ఇనుప యాంగిల్స్. బరువెక్కిందని సిటీవాళ్లు నవ్వుతారు గాని, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు ఇంతవరకూ.

రెండో గేరులో ఎక్కాం. ఎక్కిన గేరులోనే దిగాలన్నది లారీవాళ్ల మాట. దిగేటప్పుడు బ్రేకు మీద కాలేసుకుని కూర్చుంటే డ్రమ్ములు కాలిపోయి, కింది మలుపు దగ్గర బ్రేకు పట్టదు. ఎక్కేటప్పుడు ఆ భయం లేదు, తిట్లు మాత్రం ఉంటాయి. వెనక నాలుగు లారీలు పోగయ్యాయంటే పక్కకి తీసి దారివ్వడం, మళ్లీ కదలడం. ఒక లారీ క్లీనరు కిటికీలోంచి మా కర్టెన్లు చూసి చెయ్యూపాడు.

సుంకి దగ్గర ఒడిశాలో అడుగుపెట్టాం. కొటియా ఊళ్లు ఈ కొండల వెనకే. 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టు గడపలో ఉన్నాయి. అక్కడివాళ్లకి ఇటూ ఓటుంది, అటూ ఓటుంది. మేం వెళ్తున్న కలయికకి నాగపూర్ నుంచి ఒక జంట వస్తున్నారు, ఫ్లాటు అమ్మేసి బండిలోనే ఉంటున్నారు. ఏ ఊళ్లో ఓటుందని అడిగితే ఫోన్లో నవ్వేశారు.

పొట్టంగి, సిమిలిగుడ, సునాబెడ దాటి కోరాపుట్ చేరేసరికి ఎండ తగ్గింది. దాదాపు 900 మీటర్ల ఎత్తు. సంక్రాంతి వెళ్లిన వారం కావడంతో చలి బాగానే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇదంతా మద్రాసు రాజధానిలో విశాఖపట్నం ఏజెన్సీ. ఇప్పటికీ బజారులో తెలుగు వినబడుతూనే ఉంటుంది, ఒడియా, ఇక్కడి వాడుక భాష దేశియా కలుపుకుని. దిగవలసిన చోటు కొలాబ్ జలాశయం గట్టుకి కాస్త దూరంలో ఒక రైతు పొలం. వీళ్ల తాతగారి నాడు బొబ్బిలి నుంచి వచ్చారట. వరి కోసేశాక ఖాళీగా ఉన్న మళ్లు నాలుగు రోజులకి మాకు ఇచ్చారు. గేటు దగ్గరే వాళ్లమ్మగారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. బండి ఎంతా, ఏమిటా అని అడగలేదు. "ఏ ఊరు అమ్మీ మీది?" అని మావిడని అడిగారు. విజయనగరం అన్నాక పుట్టినూరు, ఇంటిపేరు, పెదనాన్నగారి పేరు దాకా వెళ్లి ఎక్కడో ఒక మేనత్త దగ్గర చుట్టరికం తేల్చారు. ఆ తరవాత మా బండికి మంచి జాగా దొరికింది.

బండి లెవెల్ చూడ్డానికి కుర్రాళ్లు ఫోన్లో ఏదో యాప్ వాడతారు. మావిడ నేల మీద నిమ్మకాయ వదుల్తుంది. అది ఎటు దొర్లితే అటు చక్రం కింద చెక్క పెట్టాలి. ఎడమ వెనక చక్రం కింద రెండు చెక్కలు పెట్టాక నిమ్మకాయ నిలబడింది. రాత్రి అది పప్పులోకి వెళ్లింది.

శుక్రవారం

శుక్రవారం కుందులి సంత. ఈ జిల్లాలో పెద్ద సంతల్లో అదొకటి. మన బళ్లు అక్కడ పట్టవని రైతుగారు తన జీపులో తీసుకెళ్లారు. కొండల మీంచి కావళ్లతో, తలమీద గంపలతో దిగుతూనే ఉన్నారు జనం. అల్లం, పసుపు, చిక్కుళ్లు, ముల్లంగి, టమాటాలు గుట్టలు గుట్టలు. మావిడ అల్లం బేరమాడ్డానికి తెలుగులో మొదలుపెట్టింది, అమ్మే ఆవిడ దేశియాలో జవాబు చెప్పింది, ఇద్దరూ వేళ్లతో లెక్క తేల్చుకున్నారు. పక్కన చోడి అంబలి అమ్ముతున్నారు, ఇక్కడ మండియా జావు అంటారు. ఆ చలిలో రెండు గ్లాసులు తాగాను.

మేం తిరిగొచ్చేసరికి బళ్లు దిగుతున్నాయి. బెంగళూరు నుంచి టాటా వింగర్. రాయపూర్ నుంచి పికప్ మీద పెట్టె కట్టించుకున్న కొత్త దంపతులు. భువనేశ్వర్ నుంచి రిటైరైన ప్రొఫెసరు గారూ ఆయన భార్యా, వాళ్లదీ ట్రావెలరే. పార్వతీపురం నుంచి ఒక మాస్టారు పాత మారుతీ ఓమ్నీలో వచ్చారు, లోపల ఒక ప్లైవుడ్ పలక, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక దోమతెర. ఆయన బండి దిగి పలక మీద దుప్పటి దులపడంతో ఆయన క్యాంపు సిద్ధమైపోయింది. మిగతావాళ్లు ఆనింగులు, అంటే బండి పక్కన సాగే గుడ్డ పందిళ్లు, విప్పుతూ, రంగు లైట్లు కడుతూ చీకటిపడే దాకా తంటాలు పడ్డారు.

సాయంత్రం అందరూ ఎదురుచూసిన బండి వచ్చింది. హైదరాబాదు వ్యాపారి ఒకాయన బస్సు చాసిస్ మీద కట్టించుకున్నది, ఏసీతో కలిపి ఎత్తు పన్నెండడుగులు దాటుతుంది. గేటుకి ఈవల పొలం బాట మీద ఎల్టీ (తక్కువ వోల్టేజి) కరెంటు వైర్లు కిందికి వేలాడుతున్నాయి. పొడుగాటి వెదురు తెచ్చి ఎత్తుదామన్నారు ఎవరో. నేను ముప్పయ్యేళ్ల పైన కరెంటు శాఖలో చేసినవాణ్ణి, అడ్డంగా నిలబడ్డాను. మంచుకి తడిసిన వెదురు కరెంటు పాస్ చేస్తుంది, మనిషి పోతాడు. లైన్‌మన్‌ని పిలిపించి సప్లై ఆపించాలి, లేదా బండి రావడం మానాలి. అప్పుడు డ్రైవరు దిగాడు. అరవై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. సాలూరువాడేనని మాటలోనే తెలిసింది. చుట్టూ చూసి, "వైరు జోలికెల్లొద్దు బాబూ, గట్టు తీస్తారేటి?" అని రైతుగారిని అడిగాడు. రైతుగారు రెండు మళ్ల మధ్య గట్టు పారతో కొట్టించారు. కోసిన వరి దుబ్బుల మీంచి ఆ బస్సుని రివర్సులో, ఒక్కసారి కూడా ముందుకి లాగకుండా తెచ్చి జాగాలో పెట్టాడు. యజమాని చప్పట్లు కొట్టాడు. డ్రైవరు చక్రాలకి రాళ్లు పెట్టుకుని అంబలి కోసం వెళ్లిపోయాడు.

శనివారం

పొద్దున్నంతా ఒకరి బళ్లు ఒకరు చూసుకోవడం. దీనికోసమే సగం మంది వస్తారు. చెప్పులు బయట విడిచి, లోపలికి తొంగిచూసి, డ్రాయరు లాగి, "ఈ హింజీ ఎక్కడ కొన్నారు?" ఇదే మాట అన్ని భాషల్లోనూ. మా లారీ గొళ్లాలు ముగ్గురు ఫొటో తీసుకున్నారు. హైదరాబాదు వారి బస్సులో పడకలు నలుగురికున్నాయి, గోడకి టీవీ, గిన్నెలు కడిగే మిషను. ఆయన అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఓపిగ్గా చూపించాడు, గర్వం లేని మనిషి. ఆ డ్రైవరు మాత్రం తన సీటు వెనక పలక మీద పడుకుంటాడు. మెత్తటి పరుపు మీద నిద్ర పట్టదట. అది నిజమో మర్యాదో నాకు తెలీలేదు.

పదకొండింటికి టెంటు కింద కూర్చున్నాం. కరెంటు పాఠం నా నెత్తిన పడింది. నేను చెప్పింది ఒకటే లెక్క. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే రెండున్నర యూనిట్ల కరెంటు, అంతే. ఇండక్షన్ పొయ్యి మీద అరగంట వంటకి అందులో అర యూనిట్ పైన పోతుంది. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం కన్నా దింపకూడదు, దింపితే తొందరగా చస్తుంది. లిథియం బ్యాటరీని నేరుగా ఇంజిను ఆల్టర్నేటరుకి, అంటే ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే మిషనుకి, కలిపేస్తే దొరికినంతా లాగేసి ఆల్టర్నేటరుని కాల్చేస్తుంది, మధ్యలో డీసీ టు డీసీ చార్జరు పెట్టి తీరాలి. ఇక సోలారు. పైన 400 వాట్ల ప్యానెళ్లున్నా శీతాకాలంలో బాగా కాసిన రోజున ఒకటిన్నర యూనిట్లు వస్తే గొప్ప. ప్యానెల్ మీద ఒక మూల చెట్టు నీడ పడినా చాలు, ఉత్పత్తి దబ్బున పడిపోతుంది, సెల్సన్నీ వరసగా కలిపి ఉంటాయి మరి. అందుకే ఈ క్యాంపులో అందరికీ ఒకే పేచీ: మనుషులకి నీడ కావాలి, బండి కప్పుకి ఎండ కావాలి. మా బండి ఎండలో ఉంది, మేం మామిడిచెట్టు కింద ఉన్నాం.

గ్యాసు గురించి బెంగళూరు అమ్మాయి చెప్పింది. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. సిలిండరు పెట్టిన అరకి అడుగున కన్నం ఉండాలి, బయటికి. ఇది విన్నాక రాయపూర్ కుర్రాడు లేచి వెళ్లి తన బండి కింద దూరాడు.

చట్టం గురించి మాట్లాడినాయన వకీలు. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాను నాన్‌ట్రాన్స్‌పోర్ట్ బండి, తెల్ల బోర్డు. అద్దెకి తిప్పాలంటే అది ట్రాన్స్‌పోర్ట్ కిందకొస్తుంది, పసుపు బోర్డు, పర్మిట్టు, ఫిట్‌నెస్ అన్నీ వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు, అనుమతి ఉన్న మార్పులైతే ఆర్సీలో ఎక్కాలి, మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణాలున్నాయి. ఎల్ఎమ్‌వీ (తేలికపాటి బళ్ల) లైసెన్సు 7,500 కిలోల లోపు బళ్లకి సరిపోతుంది, రవాణా బళ్లయినా సరేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి తేల్చింది. ఇది వినేసరికి అందరి కళ్లూ హైదరాబాదు బస్సు మీదకి వెళ్లాయి. దాని బరువు అంతకన్నా చాలా ఎక్కువ. "అందుకేగా మా గురువుగారు" అని బస్సు యజమాని డ్రైవరు భుజం తట్టాడు.

భోజనాలయ్యాక అసలు విషయానికొచ్చారు: మరుగుదొడ్డి. బండి లోపల ఏం పెట్టించుకున్నాం అన్నది గంటలు గంటలు చెప్పుకుంటాం, బండిలోంచి బయటికి ఏం పోతుందో, ఎక్కడ పోతుందో ఎవరూ ఎత్తరు. చాలా బళ్లలో ఉన్నది క్యాసెట్ టాయిలెట్, సీటు కింద దాదాపు 20 లీటర్ల పెట్టె. ఇద్దరు మనుషులకి రెండు మూడు రోజులొస్తుంది. మన హైవేల మీద దాన్ని ఒంపడానికంటూ కట్టిన జాగాలు లేవు. బంకుల్లోనో, ఢాబాల్లోనో, బంధువులింట్లోనో అడిగి ఒంపుకోవాలి. రాత్రిపూట కాలవలో ఒంపేవాళ్లున్నారని అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ అనకపోతే నేనే అన్నాను. టెంటులో కాసేపు చప్పుడు లేదు.

రైతుగారికి ఇంకో భయం. "మా సెప్టిక్ ట్యాంకులో ఒంపుకోండి, కాదనను. ఆ నీలం మందు వేసినవాళ్లు మాత్రం వద్దు." ఆయన భయం న్యాయమైందే. క్యాసెట్ పెట్టెలో పోసే ఆ మందులో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం కలిస్తే అది వాసన చంపుతుంది, దాంతోపాటు ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. రైల్వేవాళ్లు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోతో కలిసి బోగీల్లో పెట్టిన బయో టాయిలెట్లు నడిచేది ఆ జీవుల మీదే. బెంగళూరు జంట పొడిదొడ్డి పద్ధతి చూపించారు: మూత్రం ఒక డబ్బాలోకి, మిగతాది వేరే డబ్బాలోకి, పైన కొబ్బరి పీచు పొడి. విడగొడితే వాసన రాదంటారు. పక్కన కూర్చుని వింటున్న రైతుగారి అమ్మగారు ఇక ఆగలేకపోయారు. "పొలంలో గొయ్యి తీస్తే సరిపోయేదానికి ఇంత మీటింగేటిరా?" అన్నారు. మావిడ నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

రాత్రి మంట వేశారు. ఎవరో పాట పాడబోయి మానేశారు, చలికి గొంతు పట్టేసింది. నాగపూర్ ఆవిడ అడిగింది: ఒంటరి రోడ్డు మీద రాత్రి ఎక్కడ ఆగాలి, ఎలా తెలుస్తుంది? ప్రొఫెసరు గారు యాప్‌ల పేర్లు చెప్పారు. ఓమ్నీ మాస్టారు గుళ్లు, స్కూళ్లు అన్నారు. అప్పుడు నేను సాలూరు డ్రైవరుని అడిగాను. ఆయన మొదట సిగ్గుపడ్డాడు. ఒకసారి మొదలుపెట్టాక మంట ఆరేదాకా ఆయనదే సభ. నేను హిందీలోకి చెబుతూ పోయాను.

"వెలుతురుండగానే ఆగిపోవాల బాబూ. సీకటి పడ్డాక వొచ్చి ఆగిన బండిని ఊరోళ్లు దొంగబండి అనుకుంటారు. పగలు వొచ్చి, కనపడి, పదిమందితో మాటాడితే అది సుట్టాల బండి."

"బంకులో ఎనక మూల పెట్టకండి. గాలి మిసను పక్కన పెట్టండి. తెల్లారా లైటుంటాది, మనిసుంటాడు."

"బండి మూతి రోడ్డేపు ఉండాల. అర్ధరాత్రి లెగిసి ఎల్లిపోవాలంటే రివర్సు కొట్టే టైముండదు."

"చెరుకు తోట పక్కన ఆపొద్దు. మన పార్వతీపురమేపు ఏనుగులు దిగుతున్నాయి." ఏనుగులనగానే పిల్లలున్నవాళ్లు దగ్గరికి జరిగారు.

"టీ కొట్టు ముందర ఆగితే ముందు టీ తాగాల. తాగినాక అడగాల, ఇక్కడ పడుకుంటామండీ అని. పొద్దున్న మళ్లీ ఆడి దగ్గరే తాగాల."

రాయపూర్ లైను మీద ఇరవయ్యేళ్లు కేబిన్‌లోనే వండుకుని, కేబిన్‌లోనే పడుకున్న మనిషి. ఇంజిను పక్కన పెట్టె మీద స్టవ్వు, సీటు వెనక పలక మీద పక్క, కిందవేలాడే నీళ్ల క్యాను. మేం లక్షలు పోసి కట్టించుకున్నవన్నీ ఆయన బండిలో ఎప్పుడో ఉన్నాయి. యజమాని ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని ప్రయాణిస్తూ ఇదేమీ అడగలేదని ఆయనే అన్నాడు.

ఆదివారం

కుర్రకారు రెండు జీపుల్లో దేవమాలి వెళ్లారు. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. తెల్లవారి మబ్బులు కాళ్ల కింద ఉన్నాయని ఫొటోలు చూపించారు. అక్కడ పారేసిన సీసాలు రెండు గోనెల నిండా ఏరుకొచ్చారు, అవి ఎక్కడ పారేయాలో ఎవరికీ తోచలేదు.

మేం పెద్దవాళ్లం జయపురం వెళ్లాం. విక్రమదేవవర్మ గారి ఊరు. తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాసిన రాజు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినాయన. వాల్తేరు క్యాంపస్‌లో సైన్సు కాలేజీ ఆయన పేరిటే. కోట బయట నిలబడి ఇదంతా చెబుతుంటే మావిడ బజారులో కాలాజీరా బియ్యం దొరికే కొట్టు కనిపెట్టింది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బియ్యం ఇవి, వడ్లగింజ జీలకర్రలా సన్నగా నల్లగా ఉంటుంది. అయిదు కిలోలు కొంది. ఆ రాత్రి బండిలో వండితే వాసనకి పక్కబండివాళ్లు గిన్నె పట్టుకొచ్చారు.

సోమవారం

పొద్దున్న క్యాసెట్లు పట్టుకుని రైతుగారి సెప్టిక్ ట్యాంకు దగ్గర వరస. నీలం మందు వాడినవాళ్లు ఇద్దరే తేలారు. వాళ్లకి దూరంగా గొయ్యి తీయించారు, డబ్బు వాళ్లే ఇచ్చుకున్నారు. పొలానికి అద్దె రైతుగారు తీసుకున్నారు, నీళ్లకి తీసుకోలేదు. వాళ్లమ్మగారు మావిడ చేతిలో ఒక పసుపు కొమ్ముల పొట్లం పెట్టారు. ఆ నీలం మందు తయారుచేసేవాళ్లు సీసా మీద ఈ సంగతి పెద్ద అక్షరాలతో వేయాలని నా అభిప్రాయం.

దిగేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసుకున్నాం. రెండో గేరు, బ్రేకు మీద కాలు ఆనించీ ఆనించనట్టు. హైదరాబాదు బస్సు మాకు ముందు పోతోంది, దాని చక్రాలు ఎటు పోతే మేమూ అటే. సుంకి దగ్గర పక్కకి తీసి చేతి సైగ చేశాడు డ్రైవరు, డ్రమ్ములు చల్లారాలి. కొట్టు ముందు ఆగి టీ తాగాం.

కొట్టతను మా బండి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. కర్టెన్లు, మంచం, సింకు అన్నీ చూశాడు. తెలుగే మాట్లాడాడు.

"బాబుగారూ, మా తోడల్లుడి కూతురు పెళ్లి. పెళ్లికూతుర్ని సాలూరు దించాల. ఒక రోజుకి ఎంతిస్తే ఇస్తారు?"

నేను నోరు తెరిచేలోగా మావిడ అందుకుంది. "ఇవ్వం బాబూ. చూశావా, తెల్ల బోర్డు. అద్దెకి తిప్పితే పట్టుకుంటారు. 52వ సెక్షను."

సెక్షను అది కాదని చెప్పబోయాను. డ్రైవరు కళ్లతో వద్దన్నాడు.

"అద్దొద్దులెండి, ఊరికే దించండి" అన్నాడు కొట్టతను. "టీ డబ్బులు తీసుకోను."

ముహూర్తం ఎప్పుడని అడుగుతోంది మావిడ.